తన గొంతు తనకే అడ్డం

సిగ్నల్ అందకపోతే మనం ముందు టవర్‌ని తిట్టుకుంటాం. పుంగనూరు దాటి అడవి దారి పట్టినా, కుప్పం నుంచి రామకుప్పం వైపు పల్లెల్లోకి పోయినా, టవర్ దూరమైందనో గుట్ట అడ్డం వచ్చిందనో అనుకుంటాం. అది తప్పు కాదు. అయితే ఫోన్‌లోని రేడియో భాగాన్ని తయారుచేసే వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా భయపడే శత్రువు గుట్ట అవతల లేదు. ఫోన్ చెవికి అతి దగ్గరలో, అతి గట్టిగా మోగే రేడియో స్టేషన్ ఒకటుంది. అది ఆ ఫోనే.

లెక్క చూద్దాం. 4జీ ఫోన్ టవర్‌తో మాట్లాడేటప్పుడు యాంటెన్నా నుంచి గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తిని పంపుతుంది. ఇది చిన్న టార్చిలైటుకు కూడా చాలదు. అదే సమయంలో దూరపు టవర్ నుంచి అదే యాంటెన్నాకు చేరే శక్తి, ఒక వాట్‌ను పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. పంపేది అందుకునే దానికి రెండు లక్షల కోట్ల రెట్లు. మదనపల్లె టమాటా మార్కెట్‌లో వేలం పాడే మనిషి గొంతు చించుకుని ధర పలుకుతున్నాడనుకోండి. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా, అదే క్షణంలో పుంగనూరు బస్టాండులో ఎవరో గుసగుసగా చెప్పిన అంకెను పొల్లుపోకుండా విని చీటీ మీద రాసుకోవాలి. మీ జేబులోని ఫోన్ రోజంతా చేసే పని ఇదే.

ఇన్ని సున్నాలు రాయలేక ఇంజనీర్లు డెసిబెల్‌లో లెక్కేస్తారు. పది రెట్లయితే 10 డెసిబెల్, వంద రెట్లయితే 20, వెయ్యి రెట్లయితే 30. పైన చెప్పిన తేడా 123 డెసిబెల్. ఇంత తేడా ఉన్నా పంపే సిగ్నల్ అందుకునే సిగ్నల్ జోలికి పోకుండా ఎలా చూస్తారన్నదే ఈ అధ్యాయం.

పాత ల్యాండ్‌లైన్‌కీ ఈ ఇబ్బంది ఉండేది. ఇంటికి వచ్చే తీగలు రెండే, పోయే మాటా వచ్చే మాటా వాటి మీదే. ఫోన్ లోపల హైబ్రిడ్ కాయిల్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మన గొంతును రెండు పాయలుగా చీల్చి, చెవి దగ్గర అవి ఒకదానికొకటి ఎదురుతిరిగి రద్దయ్యేలా చూసేది. పూర్తిగా రద్దు కానిచ్చేవాళ్లు కాదు. తన గొంతు తనకు కాస్తయినా వినబడకపోతే ఫోన్ చచ్చిపోయిందనుకుని మనిషి అరవడం మొదలుపెడతాడు, అందుకని కొద్దిగా వదిలేవాళ్లు. రేడియోలో ఆ ఉదారత్వం కుదరదు. అయినా ఈ రద్దు చేసే ఉపాయాన్ని గుర్తుపెట్టుకోండి, చాలా దూరం పోయాక మళ్లీ ఎదురవుతుంది.

అన్నిటికన్నా సులువైన దారి వంతులు వేసుకోవడం. పోలీసుల వాకీటాకీలో బటన్ నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. యాంటెన్నాను ఒక స్విచ్ ఒకసారి పంపే వైపుకీ ఒకసారి వినే వైపుకీ కలుపుతుంది. మాట ముగిసిందని అవతలి మనిషికి తెలియడానికే చివర్లో ‘ఓవర్’ అనేది.

ఈ వంతుల పద్ధతిలో మహా పెద్ద నమూనా ఒకటి పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో, ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పిలిచే చోట, 1990ల మొదటి నుంచి పైగాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ పనిచేస్తోంది. నూట ముప్పై మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాగీ యాంటెన్నాలు నిలబెట్టారు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర, మొదట కట్టినప్పటి లెక్కన రెండున్నర మెగావాట్ల గరిష్ఠ శక్తితో, అవి ఆకాశంలోకి ఒక కేక వేస్తాయి. పైన గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని మళ్లీ అవే యాంటెన్నాలు వినాలి. నడుమ స్విచ్ పొరపాటున తెరుచుకుంటే రిసీవర్ మాడి మసైపోతుంది.

వంతుల పద్ధతికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఈ రాడార్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది, అంటే పోయి రావడానికి 150 మీటర్ల ఎత్తుకు ఒక మైక్రోసెకను. కేక ముగిసి, స్విచ్ తిరిగి, రిసీవర్ తేరుకునేసరికి పది పదిహేను మైక్రోసెకన్లు గడిచాయంటే ఒకటిన్నర రెండు కిలోమీటర్ల దిగువ నుంచి వచ్చిన ప్రతిధ్వనులన్నీ అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. ఎక్కువసేపు కేక వేస్తే ఈ గుడ్డి మండలం ఇంకా పైకి పాకుతుంది. అందుకే నేలకు దగ్గరి గాలుల కోసం గాదంకిలో వేరే చిన్న రాడార్ పెట్టుకున్నారు. మాట్లాడినంతసేపూ, ఆ తర్వాత ఇంకొంచెంసేపూ చెవుడు తప్పదు.

సెల్‌ఫోన్ల తొలి రోజుల్లో జీఎస్ఎం వాళ్లు కూడా ఇదే ఉపాయాన్ని తెలివిగా వాడుకున్నారు. జీఎస్ఎంలో 4.6 మిల్లీసెకన్ల చట్రాన్ని ఎనిమిది గదులుగా కోస్తారు. ఒక గదిలో ఫోన్ వింటుంది, మూడు గదుల తర్వాత మాట్లాడుతుంది. టవర్ మాత్రం ఎడతెగకుండా ఎనిమిది మందితో వింటూ మాట్లాడుతూనే ఉండాలి, ఆ బరువంతా టవర్ నెత్తిన వేసి ఫోన్‌ని తేలిక చేశారు. అందుకే మన పల్లెల్లో ఇంటింటికీ చేరిన నోకియా 1100 లాంటి ఫోన్లకు ఒక స్విచ్, రెండు మూడు చిన్న ఫిల్టర్లు సరిపోయాయి. సెకనుకు రెండొందల పైచిలుకు సార్లు నోరు తెరిచి మూస్తున్నా ఆ సంగతి మన చెవికి తెలియలేదు.

2003లో 501 రూపాయలు కట్టించుకుని రిలయన్స్ పంచిన సీడీఎంఏ ఫోన్లకు ఆ సౌకర్యం లేదు. సీడీఎంఏలో వంతులుండవు, ఫోన్ ఆగకుండా మాట్లాడుతూ ఆగకుండా వింటుంది. తర్వాత వచ్చిన 3జీ కూడా అంతే, 4జీలో ఎక్కువ బ్యాండ్లు కూడా అంతే. వీటికి స్విచ్ పనికిరాదు. కాలంతో విడదీయలేనప్పుడు పౌనఃపున్యంతో విడదీయాలి.

వంతుల పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. జియో, ఎయిర్‌టెల్ 4జీకి వాడే 2300 మెగాహెర్ట్జ్ బ్యాండు, 5జీకి వాడే 3300–3670 మెగాహెర్ట్జ్ బ్యాండు రెండూ వంతులవే. ఒకే పౌనఃపున్యంలో టవర్ కాసేపు మాట్లాడుతుంది, ఫోన్లు కాసేపు మాట్లాడతాయి, నడుమ కొంత మౌనం ఉంటుంది. 4జీలో సాధారణంగా వదిలే మౌనం సుమారు 143 మైక్రోసెకన్లు. అందులో పోయి రాగలిగే దూరం 21 కిలోమీటర్లు. మదనపల్లె టవర్ మాట అంతకన్నా దూరానికి ఎలాగో చేరినా, జవాబు ఆలస్యంగా తిరిగొచ్చి, దాని చివరి భాగం టవర్ మళ్లీ మాట్లాడే సమయంలో పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్టుపక్కల టవర్లన్నీ ఒకేసారి మాట్లాడి ఒకేసారి వినాలి. ఒకటి వింటున్నప్పుడు పక్కది మాట్లాడితే, పదుల వాట్ల ఆ కేక ముందు ఫోన్ల గొంతులు ఏ మూలకు? అందుకని జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలతో టవర్లన్నిటినీ మూడు మైక్రోసెకన్ల లోపు తేడాతో నడుపుతారు. ఒకవైపు కేజీఎఫ్, ఇంకోవైపు తమిళనాడు ఊళ్లు ఉన్న కుప్పంలో మూడు రాష్ట్రాల టవర్లు ఒకదాని గొంతు ఒకటి వింటుంటాయి. ఫోన్ తెర మీద నెట్‌వర్క్ పేరు కర్ణాటకకు మారినా మారకపోయినా ఆ టవర్ల తాళం మాత్రం ఒక్కటిగా ఉండాలి.

ఇక రెండో దారి. ఫోన్ ఒక పౌనఃపున్యంలో మాట్లాడి వేరే పౌనఃపున్యంలో వింటుంది. 900 బ్యాండులో మొదట ఇచ్చిన ఏర్పాటు ప్రకారం ఫోన్లు 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ దాకా మాట్లాడతాయి, టవర్లు 935 నుంచి 960 దాకా. నడుమ 20 మెగాహెర్ట్జ్ ఖాళీ. తర్వాత స్పెక్ట్రమ్ చాలక యూరప్‌లో రెండింటినీ కిందికి పది పది మెగాహెర్ట్జ్ పెంచారు, ఖాళీ 10కి పడిపోయింది. జియో 5జీకీ బీఎస్ఎన్ఎల్ 4జీకీ వాడే 700 బ్యాండులో కూడా అంతే, 748 దగ్గర ఫోన్ల మాట ముగిస్తే 758 దగ్గర టవర్ల మాట మొదలు. 750 మెగాహెర్ట్జ్ దగ్గర పది అంటే ఒకటిన్నర శాతం కూడా లేదు. ఆ సందులో ఫిల్టర్ ఒక వైపు తలుపు బార్లా తెరిచి రెండో వైపు గట్టిగా బిగించాలి. ఇలాంటి రెండు ఫిల్టర్లను ఒకే యాంటెన్నాకు కలిపిన ముక్కే డ్యూప్లెక్సర్.

కాయిళ్లు, కెపాసిటర్లతో ఇంత నిటారైన ఫిల్టర్ కట్టడం అసాధ్యం. వాటిలో శక్తి వేడిగా కారిపోతుంది, అంచు ఏటవాలుగా జారుతుంది. లోహపు గదుల్లో తరంగాన్ని మోగించి చేయొచ్చు, కానీ 900 మెగాహెర్ట్జ్ తరంగం గాలిలో 33 సెంటీమీటర్ల పొడవు. దానిలో నాలుగో వంతు గది కట్టినా ఎనిమిది సెంటీమీటర్లు. ఫోన్‌లో పట్టదు.

నా లెక్కన ఈ మొత్తం కథలో అందమైన ఘట్టం ఇక్కడే ఉంది. రేడియోని అలాగే ఉంచి గదిని చిన్నది చేయలేకపోయినవాళ్లు, రేడియోనే శబ్దంగా మార్చేశారు.

దీనికి కావలసిన సామగ్రి పందొమ్మిదో శతాబ్దంలోనే సిద్ధమైంది. క్వార్ట్జ్ లాంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు చూపించారు. విద్యుత్తు పెడితే ఆ స్ఫటికమే సాగి ముడుచుకుంటుందని మరుసటి ఏడాది తేలింది. 1885లో లార్డ్ రేలీ ఘనపదార్థాల ఉపరితలం మీద పాకే అలలకు లెక్క రాశాడు, భూకంపాల్లో వాటికి పాత్ర ఉండొచ్చని కూడా అన్నాడు. ఈ రెండింటినీ కలిపినవాళ్లు అమెరికాలో బర్క్‌లీకి చెందిన రిచర్డ్ వైట్, వోల్ట్‌మర్. 1965లో వాళ్లు స్ఫటికం మీద రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందులో ఒకటి దూరినట్టుగా లోహపు గీతలు గీసి, వాటికి విద్యుత్ సంకేతాన్ని ఇచ్చి, ఉపరితలం మీద అలను పుట్టించారు. అవతల ఇంకో జత గీతలు ఆ అలను మళ్లీ విద్యుత్తుగా పట్టుకున్నాయి.

లాభం వేగంలో ఉంది. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. లిథియం టాంటలేట్ స్ఫటికం మీద ఈ అల సెకనుకు నాలుగు కిలోమీటర్లు మాత్రమే పాకుతుంది. డెబ్బై ఐదు వేల రెట్లు నెమ్మది, కనుక అల పొడవు కూడా అన్ని రెట్లు చిన్నది. 33 సెంటీమీటర్లు కాస్తా నాలుగున్నర మైక్రాన్లయింది. ఒక్కో గీత వెడల్పు సుమారు ఒక మైక్రాను. ఇలాంటి గీతల గుంపులను, ఒక్కోదాన్ని కొద్దిగా వేరే పౌనఃపున్యానికి శ్రుతి చేసి, నిచ్చెన మెట్లలా వరుసగా కలిపితే ఫిల్టర్ అవుతుంది. వీటిని సా ఫిల్టర్లంటారు. ఫోన్‌లో వీటి డ్యూప్లెక్సర్ ఒక్కొక్కటి బియ్యపు గింజంత కూడా ఉండదు.

రెండు గిగాహెర్ట్జ్ దాటితే గీతలు అర మైక్రాను కన్నా సన్నబడి, ఫోన్ పంపే శక్తికి తట్టుకోలేక చెడిపోతాయి. అప్పుడు అలను ఉపరితలం మీద పాకించడం మాని, పల్చటి పొరను నిలువుగా మోగించాలి. అల్యూమినియం నైట్రైడ్ పొరను మైక్రాన్ల మందంలో వేసి, కింద గాలి సందు వదిలి, పైనా కిందా లోహపు పూత పూస్తే ఆ మందమే పౌనఃపున్యాన్ని తేలుస్తుంది. 1990లలో దీన్ని పట్టుదలగా సాధించింది హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో రిచ్ రూబీ బృందం. అమెరికాలో 1900 బ్యాండుకు మాట్లాడే వైపుకీ వినే వైపుకీ నడుమ ఖాళీ ఒక శాతమే, సిరామిక్ దిమ్మలతో చేసిన డ్యూప్లెక్సర్లు ఫోన్‌లో చాలా చోటు మింగేవి. ఈ పొర ఫిల్టర్లు వచ్చాక ఆ దిమ్మలు పోయాయి.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన చిన్న సంగతి. అదే హ్యూలెట్ ప్యాకార్డ్ 2002లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రాజెక్టు పెట్టింది. పల్లెలకు కంప్యూటర్ కేంద్రాలు, సోలార్ ఫొటో స్టూడియో లాంటివి అందులో ఉండేవి. పత్రికలు దాని గురించి రాశాయి. కానీ కుప్పం పల్లెల చేతికి సమాచారం నిజంగా చేర్చింది ఆ కంపెనీ కంప్యూటర్లు కాదు, మొబైల్ ఫోన్లు. ఆ ఫోన్ల లోపలి పొర ఫిల్టర్ల వ్యాపారాన్నేమో హ్యూలెట్ ప్యాకార్డ్ 1999లోనే ఆజిలెంట్ అనే వేరే కంపెనీగా విడదీసి పంపేసింది.

ఇప్పుడు డ్యూప్లెక్సర్ ఎంత విడదీయగలదో చూద్దాం. మంచి ముక్క 50 నుంచి 55 డెసిబెల్ దాకా అడ్డుకుంటుంది, అంటే లక్ష రెట్లు, ఆ పైన. కావలసింది 123 అన్నాం కదా, మిగతాది ఏమైనట్టు? నిజానికి డ్యూప్లెక్సర్‌కి ఒకటి కాదు, రెండు కాపలాలు. మొదటిది, తన కేక వినే వైపు యాంప్లిఫయర్‌ని ముంచేయకుండా చూడడం. లక్ష రెట్లు తగ్గాక కూడా ఆ కేక టవర్ మాట కన్నా రెండు కోట్ల రెట్లు పెద్దదే. అయినా అది వేరే పౌనఃపున్యంలో ఉంది కనుక యాంప్లిఫయర్ మునిగిపోకుండా తట్టుకుంటే చాలు, వెనకాల ఉన్న చిప్ దాన్ని వేరుచేసి పారేస్తుంది.

రెండో కాపలా కష్టమైనది, బయటివాళ్లకు తెలియనిది. పంపే యాంప్లిఫయర్ తన పౌనఃపున్యంలో మాత్రమే నోరు తెరవదు. దాని నుంచి అన్ని పౌనఃపున్యాల్లోనూ సన్నటి రొద కారుతూ ఉంటుంది. అందులో కొంత సరిగ్గా వినే పౌనఃపున్యంలోనే పడుతుంది. ఒకసారి పడ్డాక వెనకాల ఏ చిప్పూ దాన్ని టవర్ మాట నుంచి వేరుచేయలేదు, ఎందుకంటే రెండూ ఒకే పౌనఃపున్యం. కనుక ఆ రొదను యాంటెన్నా దాకా రాకముందే, పంపే వైపు ఫిల్టరే చంపాలి. ఎంత దాకా చంపాలి? ఏ పదార్థంలోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు కదులుతూ పుట్టించే రొద ఒకటుంది, 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ వివరించిన రొద. దాన్ని ఎవరూ తప్పించలేరు. ఫోన్ సొంత రొద దానికన్నా కిందికి దిగితే చాలు, ఇంకా తగ్గించినా లాభం లేదు.

ఈ కాపలాకు పన్ను ఉంది. డ్యూప్లెక్సర్ గుండా పోయే సిగ్నల్‌లో రెండు డెసిబెల్ దాకా, అంటే మూడో వంతుకు పైగా, వేడిగా పోతుంది. యాంటెన్నా దగ్గర 200 మిల్లీవాట్లు కావాలంటే యాంప్లిఫయర్ 320 దాకా పంపాలి. మిగతా 120 ఆ బియ్యపు గింజలోనే కరిగి దాన్ని వేడెక్కిస్తాయి. మామూలు సా ఫిల్టర్ వేడెక్కితే అల నెమ్మదిస్తుంది, డిగ్రీకి పది లక్షల్లో నలభై వంతులు పౌనఃపున్యం కిందికి జారుతుంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర 50 డిగ్రీలు పెరిగితే దాదాపు రెండు మెగాహెర్ట్జ్ జారుడు. నడుమ ఉన్న ఖాళీయే పది. మదనపల్లె చల్లటి ఊరే, పక్కనున్న ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి పెట్టింది ఆ గాలి చూసే. కానీ మే నెల ఎండలో బైకు హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ చూపిస్తున్న ఫోన్ లోపలికి ఆ చల్లదనం పోదు. ఖరీదైన ఫిల్టర్లలో స్ఫటికం మీద సిలికా పొర పూస్తారు. వేడికి చాలా పదార్థాలు మెత్తబడితే సిలికా కాస్త బిగుస్తుంది, అలా ఒకదాని జారుడును ఇంకొకటి ఆపుతుంది.

700 బ్యాండులో ఇంకో తమాషా. అక్కడ మాట్లాడే వైపు మొత్తం వెడల్పు 45 మెగాహెర్ట్జ్. అంత వెడల్పు తలుపునూ, పది మెగాహెర్ట్జ్‌లో మూసుకునే నిటారు గోడనూ ఒకే సా ఫిల్టర్‌లో ఇమడ్చలేక, చాలా ఫోన్లలో 703–733, 718–748 అని కొంత మేర కలిసే రెండు డ్యూప్లెక్సర్లు పెట్టారు. ఒక బ్యాండుకు రెండు ముక్కలు, నడుమ స్విచ్, ఖర్చు.

ఇదంతా ఎవరి కోసం? పట్నంలో టవర్ కింద నిలబడ్డవాడి కోసం కాదు. టవర్ దగ్గరుంటే అది ఫోన్‌ని గొంతు తగ్గించమంటుంది. ఫోన్ మిల్లీవాట్‌లో వందో వంతుతో సరిపెట్టుకుంటుంది, టవర్ మాట కూడా ఖంగుమని వినిపిస్తుంది. రెంటి తేడా పది వేల రెట్లే కావచ్చు. డ్యూప్లెక్సర్ నాసిరకమైనా అక్కడ బయటపడదు. కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులకు కాపలా ఉన్న రైతు ఫోన్ సంగతి వేరు. టవర్ దూరం కనుక ఫోన్ పూర్తి గొంతుతో అరవాలి, దూరం కనుకనే టవర్ మాట అట్టడుగుకు పోతుంది. రెండు కష్టాలూ ఒకేసారి, ఒకే చోట వస్తాయి. రెండు లక్షల కోట్ల లెక్క ఆ చేను గట్టు మీద నిజమవుతుంది. ఫోన్ల గురించి చెప్పేవాళ్లు కెమెరాల సంగతి పేజీలు పేజీలు రాస్తారు, కొలతలన్నీ నగరాల్లో తీస్తారు. ఫిల్టర్లలో పొదుపు చేసిన ఫోన్‌కి ఆ కొలతల్లో ఒక్క మార్కు కూడా తగ్గదు. తగ్గేదేమిటంటే పల్లె అంచున అర కిలోమీటరో కిలోమీటరో మేర దాని వినికిడి.

టవర్ వైపు చోటుకు కరువు లేదు కనుక అక్కడ పాత పద్ధతే నడుస్తుంది. అల్యూమినియం దిమ్మలో గదులు తొలిచి, లోపల వెండి పూత పూసి, మూతకున్న మరలు తిప్పుతూ ఒక్కో గదినీ శ్రుతి చేస్తారు. అవి ఎనభై డెసిబెల్, ఇంకా పైన కూడా విడదీస్తాయి. అయినా టవర్‌కి డ్యూప్లెక్సర్ బయట, తుప్పు నుంచి ఒక దెబ్బ తగులుతుంది. ఒకే యాంటెన్నాలో 935, 960 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు సిగ్నళ్లు పంపుతున్నారనుకోండి. దారిలో ఎక్కడో వదులైన కనెక్టరో, తుప్పు పట్టిన బోల్టో ఉంటే అది ఆ రెంటినీ కలిపి కొత్తవాటిని పుట్టిస్తుంది. మొదటిదాన్ని రెట్టించి రెండోదాన్ని తీసేయండి: 910. సరిగ్గా ఫోన్ల మాట వినే చోట పడింది. ఫిల్టర్ దాటాక పుట్టిన దాన్ని ఫిల్టర్ ఏం చేస్తుంది? పరిశ్రమ పెట్టుకున్న హద్దు ప్రకారం 20 వాట్ల సిగ్నళ్లు రెండు పోతున్నప్పుడు ఇలా పుట్టేది, 20 వాట్లను రెండు వేల లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగాన్ని మించకూడదు. టవర్ ఎక్కే కుర్రాళ్లు కనెక్టర్లను కొలత ఉన్న పానాతో బిగించడం వెనక ఉన్న లెక్క ఇది.

ఇంకో చిక్కు మన దేశానికి గట్టిగా తగిలింది. సీడీఎంఏని అమెరికా బ్యాండులోనూ జీఎస్ఎంని యూరప్ బ్యాండులోనూ పక్కపక్కనే పెట్టారు. సీడీఎంఏ టవర్లు 869 నుంచి 889 దాకా మాట్లాడేవి, జీఎస్ఎం టవర్లు 890 నుంచి వినడం మొదలుపెట్టేవి. ఒక కంపెనీ నోరు ఇంకో కంపెనీ చెవిలో పెట్టినట్టయింది, అదీ ఒకే గుట్ట మీద. అదనపు ఫిల్టర్లు, యాంటెన్నాల మధ్య ఎడం, కంపెనీల మధ్య ఏళ్ల తరబడి వాదన. 

5జీ ఈ చిక్కును ఫోన్ లోపలికే తెచ్చింది. 4జీ ఆధారంగా 5జీ నడిపే పద్ధతిలో ఫోన్ 1800 బ్యాండులో మాట్లాడుతూ 3500 బ్యాండులో వినాల్సి రావచ్చు. 1750 దగ్గర మాట్లాడితే దాని రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు పౌనఃపున్యం, సరిగ్గా 3500. ఎంత మంచి యాంప్లిఫయర్‌కైనా హార్మోనిక్‌లు కొద్దోగొప్పో ఉంటాయి. యాంటెన్నాలు వేరైనా గాజు వెనక అవి అంగుళాల దూరంలోనే. హార్మోనిక్‌ను పుట్టిన చోటే అణచాలి, మిగిలిన కాస్తకు వినికిడి తగ్గుతుందని మొబైల్ నెట్‌వర్క్‌లకు నియమాలు రాసే 3జీపీపీ ప్రమాణాలే ఒప్పుకుని, ఎంత తగ్గొచ్చో అంకెల్లో రాసిపెట్టాయి.

ఇన్ని ఫిల్టర్లెందుకు, తాను ఏం పంపుతోందో ఫోన్‌కి తెలుసు కదా, వినబడిన దాంట్లోంచి దాన్ని తీసేస్తే పోదా? ఇది ల్యాండ్‌లైన్ కాయిల్ ఆలోచనే. అలా చేయగలిగితే ఒకే పౌనఃపున్యంలో, ఒకే క్షణంలో మాట్లాడుతూ వినొచ్చు, స్పెక్ట్రమ్ రెట్టింపైనట్టే. 2013లో స్టాన్‌ఫోర్డ్‌లో దినేశ్ భరాడియా, ఎమిలీ మెక్‌మిలిన్, సచిన్ కట్టి వైఫై సిగ్నల్ మీద 110 డెసిబెల్ దాకా రద్దు చేసి చూపించారు. ముందు సర్క్యులేటర్ అనే అయస్కాంతపు ముక్క సిగ్నల్‌ని ఒకే దిశలో తిప్పుతుంది, తర్వాత సర్క్యూట్‌లో రద్దు, చివర్లో అంకెలలో రద్దు. సర్క్యులేటర్‌కి అయస్కాంతం కావాలి, అది చిప్‌లో ఇమడదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయంలో, మద్రాసు ఐఐటీలో చదివిన హరీశ్ కృష్ణస్వామి బృందం అయస్కాంతం లేకుండా, స్విచ్‌లను తాళం ప్రకారం తెరిచి మూస్తూ, సిలికాన్ చిప్ మీదే సర్క్యులేటర్ చేసింది.

అయినా ఈ రద్దు పద్ధతి ఇంకా ఫోన్‌లోకి రాలేదు. రద్దు చేయాలంటే తన కేక ఏ దారుల్లో తిరిగి తన చెవికి వస్తోందో కచ్చితంగా తెలియాలి. మీరు ఫోన్‌ని చెవి మార్చుకున్నా, వేలు అంచు మీదికి జరిగినా, జేబులో తాళాలు తగిలినా ఆ దారులన్నీ మారిపోతాయి, లెక్క మళ్లీ మొదటికి. ఆ లెక్కలకు బ్యాటరీ కూడా ఖర్చే. అందుకే 3జీపీపీ తన 18వ విడుదలలో ఈ ఆలోచనను పరిశీలించినప్పుడు టవర్‌తో మాత్రమే మొదలుపెట్టింది. బ్యాండులో ఒక పాయలో టవర్ మాట్లాడుతూ ఇంకో పాయలో అదే సమయంలో వింటుంది. టవర్ కదలదు, దానికి కరెంటుకూ చోటుకూ లోటు లేదు, పంపే యాంటెన్నాను వినే యాంటెన్నాకు ఎడంగా పెట్టొచ్చు. ఫోన్ మాత్రం ఆ బ్యాండులో ఎప్పటిలాగే వంతు వచ్చేదాకా ఆగి మాట్లాడుతుంది.